కుటుంబ క్షేమం: ఇంటి గుట్టు, ఇల్లాలి భద్రత

సహజవాయువుకు స్వతహాగా వాసన లేదు. లీకేజీ వెంటనే తెలియాలని ఇళ్ళకు పంపే వాయువులో మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. మూసిన తలుపుల వెనుక జరిగే హింసకు అటువంటి ఏర్పాటేదీ లేదు. లక్షణాలను బట్టి మనమే దానిని గుర్తించవలసి ఉంటుంది.

దెబ్బలు మాత్రమే హింస కాదు. 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం శారీరక, లైంగిక హింసలతోపాటు మాటలతో, మానసికంగా పెట్టే బాధను, ఆర్థిక హింసను కూడా పరిగణిస్తుంది. సంతానం లేదనో, మగబిడ్డ లేడనో ఎత్తిపొడవడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, స్త్రీధనాన్ని అమ్మివేయడం ఈ కోవలోనివే. పుట్టింటివారితో మాట్లాడనీయకపోవడం, అడుగడుగునా అనుమానించడం, భర్త ఎదుట ఆమె నోరు విప్పడానికే జంకడం గమనించదగిన సూచనలు.

సూరత్‌లో ఈ సమస్యకు మరొక ముఖం ఉంది. తెలంగాణ జిల్లాల నుండి మరమగ్గాల పనికి వచ్చిన నేత కుటుంబాలు, ఉద్యోగరీత్యా హజీరా, కవాస్ వైపు వచ్చిన మనబోటివారు ఇక్కడ ఎందరో ఉన్నారు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయికి గుజరాతీ రాదు, హిందీ అంతంతమాత్రం. వైద్యుని వద్దనైనా, పోలీసుల వద్దనైనా ఆమెకు దుబాసీగా నిలబడేది భర్తే. బాధించేవాడే దుబాసీ అయినప్పుడు ఆమె గోడు ఎవరికి చేరుతుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో శారీరక, లైంగిక హింసకు గురైన మహిళలలో సహాయం కోరినవారు 14 శాతమే.

చట్టం ఇచ్చే రక్షణ చిన్నది కాదు. ఇల్లు ఎవరి పేరిట ఉన్నప్పటికీ, ఉమ్మడిగా కాపురమున్న ఇంటిలో నివసించే హక్కు భార్యకు ఉంది. రక్షణ ఉత్తర్వు, జీవనానికి డబ్బు, పిల్లల తాత్కాలిక సంరక్షణ కోరుతూ మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. తాత్కాలికంగా తలదాచుకొన్న చోట కూడా దరఖాస్తు చెల్లుతుంది గనుక, కరీంనగర్‌లోని పుట్టింటికి చేరిన స్త్రీ అక్కడి కోర్టునే ఆశ్రయించవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా, మహిళలకు న్యాయసహాయం ఉచితం.

గుజరాత్‌లో 2015 నుండి రాష్ట్రమంతటా పనిచేస్తున్న ‘అభయం’ సేవకు 181 నంబరు. అవసరాన్ని బట్టి కౌన్సిలరు, మహిళా కానిస్టేబులు వాహనంలో ఇంటికే వస్తారు. ప్రాణాపాయమైతే 112కు ఫోను చేయాలి. ‘సఖి’ కేంద్రాలలో వైద్యం, న్యాయసలహా, తాత్కాలిక ఆశ్రయం ఒకేచోట లభిస్తాయి. ఇల్లు విడిచే ఆలోచనను ముందుగా వెల్లడించడం ప్రమాదకరం. గుర్తింపు పత్రాల, బ్యాంకు పాసు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్ల నకళ్ళను నమ్మకమైనవారి వద్ద ఉంచడం మేలు. గాయమైతే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకొని, ఆ కాగితాలను భద్రపరచుకోవాలి.

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని పెద్దలు ఆడపిల్ల నోరు మూయించడం మనకు అలవాటు. కాని లంకకు చేటు తెచ్చినది రావణుడు ఒక స్త్రీకి చేసిన అపచారం. విభీషణుడు నోరు మెదపకుండా ఉన్నంతమాత్రాన ఆ అపచారం మాసిపోయేది కాదు.

గోడకు ఆవల ఏడుపు వినిపించినప్పుడు ఇరుగుపొరుగువారు వెనుకాడనవసరం లేదు. రక్షణ అధికారికి ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. సద్బుద్ధితో ఇచ్చినవారిపై ఎట్టి బాధ్యతా ఉండదని చట్టం స్పష్టం చేసింది. అయితే భర్తను నిలదీయవద్దు. ఆ కోపం తిరిగి ఆమె మీదికే మళ్ళవచ్చు. ఆమె ఒంటరిగా ఉన్న సమయంలో, మన భాషలో, ‘ఏమమ్మా, క్షేమమేనా?’ అని అడగండి. ‘సర్దుకుపో తల్లీ’ అనకండి, చెప్పినది నమ్మండి. 181కి ఫోను చేసేటప్పుడు ప్రక్కన ఉండి ఆమె మాటను గుజరాతీలోనో, హిందీలోనో వినిపించండి. పరాయి ఊరిలో తోటి తెలుగువారు చేయగల సహాయాలలో ఇది అత్యవసరమైనది.