పంటి క్లిప్పులూ, దాచిన మాత్రలూ

మా అనకాపల్లి బెల్లానికి పెట్టింది పేరు గనుక, మా ఊరివాళ్ల పళ్ళ గురించి నేను మాట్లాడకపోవడమే మర్యాద. అయినా ఇవాళ్టి సంగతి పుచ్చుపళ్ళు కాదు, ఎత్తుపళ్ళు.

పిల్లకు ఎత్తుపళ్ళుంటే సంబంధాలు రావని క్లిప్పులు వేయించే తల్లిదండ్రులున్నారు. మంచిదే. ఆ పిల్లే కీళ్లవాతానికి మాత్రలు మింగుతూంటే, ఆ సంగతి దంతవైద్యుడి దగ్గర కూడా దాచేవారున్నారు. దానికీ కారణం సంబంధాలే! పైగా, "మోకాలి మందుకీ పంటికీ ఏమిటండీ సంబంధం?" అంటారు.

ఉంది మరి. పన్ను గోడలో దిగ్గొట్టిన మేకు కాదు. తీగ నెట్టిన వైపు దవడ ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది. రెండోవైపు కొత్త ఎముక పూడుతుంది. అప్పుడే పన్ను కదులుతుంది. ఎముకను కరిగించే కణాలూ, రోగాలతో పోరాడే కొన్ని కణాలూ మూలుగలో ఒకే వంశాన పుట్టినవి. కాబట్టి ఆ పోరాటశక్తిని అణచే మందులు ఇక్కడా వేలు పెడతాయి.

ప్రెడ్నిసొలోన్ వంటి స్టీరాయిడ్లు చాలాకాలం వాడితే ఎముక పలచబడుతుంది. కుందేళ్లమీద చేసిన ప్రయోగంలో పళ్ళు త్వరగా కదిలాయి, అంత త్వరగానూ వెనక్కి మళ్ళాయి. మూత్రపిండం మార్పిడి జరిగినవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్ వల్ల కొందరికి చిగుళ్లు పెరిగి క్లిప్పులమీదికి వస్తాయి. పళ్ళకు పాచి పడితే మరీను.

కీళ్లవాతానికిచ్చే మెతోట్రెక్సేట్ మనకు పరాయిది కాదు. 1895లో భీమవరంలో పుట్టి, 1948లో న్యూయార్కులో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ సంస్థలో నడిపించిన పరిశోధనల ఫలమది. కాన్సరుకోసం పుట్టిన ఆ మందు, చిన్న మోతాదులో కీళ్లకు పనికొచ్చింది. కీళ్లకైతే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి; పొరపాటున రోజూ మింగితే ప్రాణంమీదికి వస్తుంది. ఆ ప్రమాదానికి నోటిపుండ్లు ఒక హెచ్చరిక. కాని క్లిప్పులున్న పిల్ల నోట్లో పుండు చూసి, "తీగ గీసుకుందిలే" అని తల్లి ఊరుకుంటుంది. మందు సంగతి తెలియని దంతవైద్యుడూ అలాగే అనుకోవచ్చు!

అలాగని క్లిప్పులు వద్దనడం లేదు. జబ్బు అదుపులో ఉండి, ఇద్దరు వైద్యులూ మాట్లాడుకుంటే, మెల్లగా, తరచు చూసుకుంటూ చాలామందికి వేయవచ్చు. క్లిప్పులకోసమని మాత్రలు మీ అంతట మీరు ఆపడం మాత్రం తగదు. స్టీరాయిడ్లు హఠాత్తుగా మానేస్తే పెద్ద ముప్పు.

పెళ్లివారికి ఎప్పుడు చెప్పాలన్నది మీ ఇంటి సంగతి. దంతవైద్యుడికి మాత్రం మొదటిరోజే మందుల చీటీ చూపించండి. ఆయన పిల్లను చూసుకోవడానికి రాలేదు గదా!