సంపాదకుని మాట: చెప్పిన చోటు, చేరిన చోటు



పని చెప్పడం తేలిక; అది జరిగిందో లేదో చూసుకోవడమే కష్టం. ఈ సంచికలోని రచనలన్నిటినీ కలిపే దారం ఇదే. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ యంత్రాన్నే చూడండి: అందులో సర్వో మోటారుకు కన్ను, ఇరుసు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్. చుట్టుకు 2,500 గీతలున్న ఎన్‌కోడర్, అది పంపే రెండు సంకేతాల అంచులన్నీ లెక్కిస్తే 10,000 గుర్తులిస్తుంది. మోటారుకు నేరుగా బిగించిన బాల్ స్క్రూ యంత్రపు బల్లను చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపితే ఒక్కో గుర్తు అర మైక్రాను. చెప్పిన చోటికీ చేరిన చోటికీ ఉన్న తేడాను మోటారును నడిపే డ్రైవ్ క్షణక్షణం దిద్దుతుంది.

అయితే ఆ కన్ను చూసేది మోటారు ఇరుసును, బల్లను కాదు. మీటరు పొడవున్న ఉక్కు స్క్రూ 5 డిగ్రీలు వేడెక్కితే 50 మైక్రాన్లకు పైగా సాగుతుంది. మోటారు వెనకున్న ఎన్‌కోడర్‌కు ఆ సంగతి తెలియదు. బల్ల స్థానాన్నే నేరుగా కొలిచే లీనియర్ స్కేలును దాని వెంట అమర్చేది అందుకే.

బాలానగర్, జీడిమెట్ల చిన్న షెడ్లలోనూ సీఎన్‌సీలు నడుస్తున్న రోజులివి. కొలత ఎక్కడ తీసుకోవాలో తెలిసినప్పుడే ఆ పెట్టుబడి ఫలిస్తుంది. తప్పును దాచకుండా కొలిచి దిద్దుకునే ఈ క్రమశిక్షణ అంటే మాకెంతో గౌరవం. ఆ గౌరవంతోనే ఈ సంచికను మీ చేతుల్లో పెడుతున్నాం.