నాపరాళ్ళ మీద అడుగులు

డోన్ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో నడిమధ్యన ఒక భజనగుడి ఉంటుంది. గోడకు సీతారాముల పటం, ఓ మూల గుడ్డ కప్పిన హార్మోనియం, కింద బేతంచెర్ల నాపరాళ్ళు. పాత గుడైతే ఆ బండల్ని ఒకసారి వంగి చూడండి. గోడవార రాయి ఇంకా గరుకుగానే ఉంటుంది. నడుమ మాత్రం నున్నగా అరిగి ఉంటుంది. చెక్కభజన ఆడినవాళ్ళ పాదాలు నున్నజేసిన చోటది.

చెక్కలంటే ఏమిటో ఈకాలం పిల్లలకు చెప్పాలేమో. అరచేతిలో ఇమిడే రెండు కర్రముక్కలు, వాటికి ఇనుప బిళ్ళలు. ఒక ముక్కలో బొటనవేలు, రెండోదాన్లో మిగతా వేళ్ళు దూర్చి కొడితే ఘల్లుమంటాయి. పాట రాముడిది. అడుగు మాత్రం ఆటగాడిది. ఒంగి, లేచి, గిర్రున తిరిగి, పక్కవాడి భుజం తగలకుండా మళ్ళీ వరసలోకి రావాలి. జడకోపు ఆడితే ఇంకా కష్టం. పైనుంచి వేలాడే తాళ్ళను ఆడుతూ ఆడుతూ జడలా అల్లాలి, అలాగే ఆడుతూ విప్పాలి. ఒక్కడు అడుగు తప్పితే జడంతా చిక్కుపడుతుంది.

ఇదంతా ఒక్క రాత్రిలో వచ్చే విద్య కాదు. పొలం పనులు తీరాక ఊరివాళ్ళు గురువును పిలిపించుకునేవారు. ఆయనకు రోజుకో ఇంట్లో భోజనం. పగలంతా బుడ్డలు ఒలిచిన చేతులు, గుంటక తోలిన కాళ్ళు రాత్రి జొన్నరొట్టె తిని గుడికి చేరేవి. పెట్రోమాక్సు వెలుతురులో గురువు అడుగు చెప్పేవాడు. నేర్చుకోవడం పూర్తయ్యాక గజ్జెపూజ చేసి, చుట్టాలందర్నీ పిలిచి, ఊరంతా చూస్తుండగా ఆడేవారు. గురువుకు పంచెలు పెట్టి, ఎవరికి చేతనైనంత వాళ్ళు సమర్పించి సాగనంపేవారు.

ఐర్లండ్ పల్లెల్లో ఒకప్పుడు డ్యాన్సు హాళ్ళకు ఇలాంటి స్థానమే ఉండేది. 1992లో ఆ దేశ ప్రధాని అయిన ఆల్బర్ట్ రేనాల్డ్స్ రాజకీయాల్లోకి రాకముందు సోదరుడితో కలిసి అలాంటి హాళ్ళు నడిపినవాడే. అక్కడ ఆడా మగా జంటలుగా ఆడేవారు, పెళ్ళిళ్ళు కుదిరేవి. మన గుడిలో మగవాళ్ళే ఆడేవారు. ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని, పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని చూసేవారు. సంబంధాల మాటలు ఆ అరుగుల మీదే నడిచేవి. ఎవరి కొడుకు ఒద్దికగా ఆడుతున్నాడో వాళ్ళ కళ్ళకు తెలియనిదా!

ఆ గడప అందరినీ ఒకేలా పిలవలేదన్నదీ నిజమే. దళితవాడల భజన వాళ్ళ వాడల్లోనే మోగింది. ఈ జ్ఞాపకంలో ఆ నొప్పి కూడా ఉంది. దాన్ని తీసేసి మిగతాది తలచుకోలేం. పీర్ల పండుగ రాత్రులు కొంత మేలు. చావిడి ముందు గుండం రాజుకున్నాక, దాని చుట్టూ అడుగులేసేవాళ్ళలో హిందువులూ ముస్లింలూ కలిసే ఉండేవారు. సీమలో చాలా ఊళ్ళలో ఇప్పటికీ అంతే.

నాటకం వచ్చినా ఈ గుడే సాయం. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన నాటక సమాజం దేశమంతా తిరిగింది. మన ఊళ్ళవాళ్ళు అంత దూరం పోలేదు గానీ, కురుక్షేత్రం పద్యాలు గుడిలోనే వల్లెవేసి, బయట పందిరి కింద తెల్లవార్లూ ఆడారు. ఒకే నాటకానికి ముగ్గురు కృష్ణులు. రాగం తీయాలన్న కోరిక ఊళ్ళో ఒక్కడికే ఉండదు కదా.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. రాముడి పాటకు ఆడిన జనం రాముణ్ణి కూర్చుని చూడటం నేర్చుకున్నారు. అయినా గుడి బోసిపోవడానికి టీవీ ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. చెక్కభజనకు ప్రతి రాత్రీ అదే ఇరవై మంది కావాలి. వానల్లేని ఏడాది అందులో కొందరు గుంటూరు మిరపచేలకు, కొందరు బెంగళూరు మేస్త్రీ పనులకు వెళ్ళిపోతే వరస ఎలా నిలుస్తుంది? గురువు మాత్రం ఎవరికి నేర్పుతాడు?

ఈమధ్య ఒక మంచి మార్పు వచ్చింది. అరుగు మీద కూర్చుని చూసిన ఆడవాళ్ళే ఇప్పుడు కోలాటం కర్రలు పట్టి గుడిలో అడుగులేస్తున్నారు. ఒకే రంగు చీరలు కట్టుకుని జట్లు జట్లుగా తిరుమల బ్రహ్మోత్సవాల్లోనూ ఆడుతున్నారు. మాడవీధుల్లో వాళ్ళను చూసినప్పుడల్లా మనసు నిండుతుంది.

చెక్కలు పట్టినవాళ్ళు మాత్రం పెద్దవాళ్ళయిపోయారు. మీ ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉండే ఉంటారు. ఈసారి శ్రీరామనవమికి ఊరెళ్ళినప్పుడు భజనగుడి తాళం ఆ ఒక్కరోజుకే కాకుండా వేసవంతా తీసి ఉంచమని పెద్దల్ని అడగండి. ఆ తాతల్ని పిలిచి, పిల్లల్ని కూర్చోబెట్టి, మొదటి అడుగు నేర్పించండి.