నోటీసు అందిందని నిరూపించాల్సింది ఎవరు?

నిరుద్యోగ భృతి అనగానే మనకు ఎన్నికల హామీలు గుర్తొస్తాయి. కానీ ఇఎస్‌ఐ కట్టిన కార్మికుడికి అలాంటిది ఒకటి నిజంగానే ఉంది. 2018లో మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, పని పోయినవాళ్లకు గరిష్ఠంగా 90 రోజులపాటు, అదీ జీవితంలో ఒక్కసారే, కొంత భృతి వస్తుంది. మొదట సగటు రోజువారీ వేతనంలో 25 శాతంగా ఉన్నదాన్ని కోవిడ్ కాలంలో 50 శాతం చేశారు. దుష్ప్రవర్తన కింద తొలగించినా, తనంతట తానే మానేశాడని రాసినా అది రాదు.

కాబట్టి తొలగింపు కాగితం మీద ఏ కారణం రాశారన్నదే భృతిని తేలుస్తుంది. గైర్హాజరైనంత మాత్రాన విచారణ లేకుండా తీసేయడం చెల్లదని 1993లో డి.కె. యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ జరగాలంటే ముందు నోటీసు చేరాలి. నా అభ్యంతరం మొదలయ్యేది ఇక్కడే.

జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్‌నే తీసుకోండి. ఉక్కు కర్మాగారం పక్కనే ఉన్న ఈ బస్తీలో తరాలుగా తెలుగు కుటుంబాలున్నాయి. ఇలాంటి చోట కాంట్రాక్టు కార్మికుడి చిరునామా అంటే కాంట్రాక్టరు రిజిస్టరులో ఎప్పుడో రాసుకున్నది. అది ఖాళీ చేసిన అద్దె గది కావచ్చు, సొంతూరు కావచ్చు. ఉత్తరం వచ్చినా హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న 1946లో వచ్చిన స్టాండింగ్ ఆర్డర్ల చట్టం, నిబంధనలను ఇంగ్లీషుతో పాటు ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలో గోడకు అంటించమంది. మంచి మాటే. కానీ ‘ఎక్కువమంది’లో బర్మామైన్స్ తెలుగువాడు లేడు.

ఇక రుజువు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపితే ఉత్తరం అందినట్టే లెక్క. అందలేదని నిరూపించాల్సింది అవతలివాడు. ‘ఇంటికి తాళం’ అని తిరిగొచ్చిన కవరునూ అందినట్టే భావించవచ్చని సుప్రీంకోర్టు 2007లో, ఒక చెక్కు బౌన్సు కేసులో చెప్పింది. చెక్కు రాసిచ్చే వ్యాపారికి ఆ సూత్రం సరే. ఉత్తరం రాలేదని కూలివాడు ఏ కాగితంతో నిరూపిస్తాడు? డోర్ నంబరున్న శాశ్వత చిరునామా కూడా ఈ దేశంలో కులం పంచిన ఆస్తే. ఊరి చివరి వాడకు, పట్టా లేని బస్తీకి అది చివరగా చేరుతుంది.

ఎక్స్‌పార్టీ విచారణ ముగిసి తొలగించాక గడియారం నడుస్తూనే ఉంటుంది. 2010 సవరణ తర్వాత కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లేందుకు మూడేళ్ల గడువుండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని రెండేళ్లకు కుదించింది. లెక్క తొలగించిన తేదీ నుంచి. భూసేకరణ అవార్డుపై గడువు, ఆ సంగతి భూయజమానికి తెలిసినప్పటి నుంచే లెక్కించాలని 1961లో రాజా హరీశ్‌చంద్ర కేసులో సుప్రీంకోర్టు అంది. భూమి ఉన్నవాడికి దక్కిన ఆ న్యాయం కూలివాడికి ఎందుకు వర్తించకూడదు?

కావాలనే ఉత్తరం తీసుకోనివాళ్లూ ఉంటారు, నిజమే. అలాగైతే వద్దన్నాడని పంపినవాళ్లే చూపించాలి. జీతం పడిందని ఫోనుకు మెసేజ్ వచ్చే కాలమిది, నోటీసు కూడా అదే ఫోనుకు, అతని భాషలో పంపొచ్చు.

న్యాయశాస్త్ర విద్యార్థులు తమ జిల్లా లేబర్ కోర్టుల తీర్పుల్లో ఎక్స్‌పార్టీ తొలగింపులు వెతకాలి. అందులో ఎన్నింటికి సంతకం చేసిన రసీదు ఉందో, ఎన్నింటికి తిరిగొచ్చిన కవరు మాత్రమే ఉందో లెక్క తీయాలి.