బట్టకు ఉన్న తనిఖీ కుట్టిన చేతికి లేదా?

వారాసిగూడలో ఒక ఆదివారం మధ్యాహ్నం జరిగిన మహిళా సమావేశంలో యూరప్ కార్మిక చట్టాల మీద చర్చ నడుస్తోంది. వెనక వరసలో కూర్చున్న ఒక అక్క లేచి, "యూరప్ల వాళ్లు చట్టం చేసుకుంటే మనకేమొస్తదమ్మా? తార్నాకల నేను పనిచేసే ఇంట్ల నెలకు నాలుగు సెలవులు అడిగితేనే ఇస్తలేరు" అంది. అందరం నవ్వాం. కానీ ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఈ సంపాదకీయం ఆమెకు మేం చెప్పదలచుకున్న జవాబు.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ప్రత్యేక ఆర్థిక మండలిలో చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే వేలాది ఆడవాళ్లు విదేశాలకు బట్టలు కుడుతున్నారు. 2022 జూన్ 3న అక్కడ విషవాయువు వ్యాపించి వందలాది కార్మికురాళ్లు వాంతులతో, కళ్ల మంటలతో ఆసుపత్రుల పాలయ్యారు. రెండు నెలలు తిరగకుండా ఆగస్టు 2న మళ్లీ అదే జరిగింది, వంద మందికి పైగా పడిపోయారు. మొదటి ప్రమాదం నమూనాలను పరీక్షించింది మన తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థే. వాటిలో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఆనవాళ్లు దొరికాయని అప్పటి పరిశ్రమల మంత్రి చెప్పారు. మన ఇంటి పక్క ప్రయోగశాలకు ఆ మిషన్ల మీద కూర్చున్న స్త్రీల ఊపిరితో సంబంధం ఉన్నట్టే, ఆ చొక్కాలు తొడుక్కునే దేశాల చట్టాలకూ ఉంది.

ఎగుమతి సరుకును ఎంత జాగ్రత్తగా చూస్తారో మనకు తెలుసు. కుట్టు తప్పిన చొక్కా వెనక్కి వస్తుంది. చెరువు రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలుంటాయన్న అనుమానంతో 2016లో యూరోపియన్ యూనియన్ మన దేశం నుంచి వచ్చే సరుకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. తినేవాళ్ల ఆరోగ్యం కోసం అది న్యాయమే. మరి ఐసు నీళ్లలో చేతులు పెట్టి గంటల తరబడి ఆ రొయ్యలు వలిచే స్త్రీల వేళ్ల సంగతి ఎవరు చూడాలి?

చూడాల్సిన బాధ్యత కొనేవాడికీ ఉందని ఒప్పించడానికి ఎన్నో ప్రాణాలు పోవాల్సి వచ్చింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. గోడలు బీటలు వారాయని ముందురోజే తెలిసినా వాళ్లను పనిలోకి రప్పించారు. సరిగ్గా పదకొండేళ్ల తర్వాత, 2024 ఏప్రిల్ 24న, పెద్ద కంపెనీలు తమకు సరుకు అందించే ఫ్యాక్టరీల్లో మానవ హక్కుల ఉల్లంఘనలకు కూడా జవాబుదారీ కావాలన్న చట్టాన్ని యూరోపియన్ పార్లమెంటు ఆమోదించింది. నష్టపోయిన కార్మికులు యూరప్ కోర్టుల్లో పరిహారం అడిగే దారి కూడా అందులో ఉంది.

ఆ సిరా ఆరకముందే కోతలు మొదలయ్యాయి. పరిశ్రమలకు భారమవుతోందంటూ 2025 ఫిబ్రవరిలో సవరణలు ప్రతిపాదించారు. వెయ్యి మంది ఉద్యోగులున్న కంపెనీలకు వర్తించాల్సిన చట్టాన్ని ఆ డిసెంబరులో 5,000 మంది పైబడ్డ కంపెనీలకు కుదించారు. యూరప్ అంతటికీ ఒకేలా ఉండాల్సిన పరిహార బాధ్యతను తీసేసి ఏ దేశం చట్టానికి ఆ దేశానికి వదిలేశారు. చట్టం చేసినప్పుడు గానీ, కోసినప్పుడు గానీ అచ్యుతాపురం స్త్రీలను ఎవరూ అడగలేదు.

అయితే యూరప్ దయ కోసం ఎదురుచూద్దామా? వాణిజ్య ఒప్పందాల్లో కార్మిక ప్రమాణాలు చేర్చాలన్న 'సోషల్ క్లాజ్' వాదన 1990లలో వచ్చినప్పుడు, పేద దేశాల సరుకును అడ్డుకునే ఎత్తుగడ అని మన ప్రభుత్వమూ, చాలా కార్మిక సంఘాలూ వ్యతిరేకించాయి. ఆ అనుమానంలో నిజం ఉంది. కానీ ఆ మాట చాటున మన యజమానులు తప్పించుకున్నారన్నదీ నిజమే. ఆర్డర్లు ఆగిపోతే మొదట ఇంటికెళ్లేది కార్మికురాలే కనుక, బహిష్కరణ మన దారి కాదు.

దారి తమిళనాడు దిండిగల్‌లో కనిపిస్తుంది. 2021లో ఒక దళిత యువ కార్మికురాలి హత్య తర్వాత, దళిత స్త్రీల నాయకత్వంలో నడిచే అక్కడి జౌళి కార్మిక సంఘం పట్టు వదల్లేదు. 2022 ఏప్రిల్‌లో ఆ ఫ్యాక్టరీ యాజమాన్యంతోనూ, కొనుగోలుదారైన స్వీడన్ కంపెనీ హెచ్ అండ్ ఎమ్‌తోనూ లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా కట్టుబడి తీరాల్సిన ఒప్పందాలు కుదిరాయి. అక్కడ నిఘా ఉంచేది బయటినుంచి వచ్చి పోయే ఆడిటర్ కాదు, శిక్షణ పొందిన కార్మికురాళ్లే. కొనేవాడి మీద ఒత్తిడి, లోపల బలమైన సంఘం, రెండూ కలిసినప్పుడే అది సాధ్యమైంది.

మన దగ్గర గాలి ఎదురు వీస్తోంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల్లోనూ, తెలంగాణ వాణిజ్య సంస్థల్లోనూ రోజుకు పది గంటల పనికి అనుమతించాయి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్ ప్రకారం ఏ పరిశ్రమలో సమ్మె చేయాలన్నా 14 రోజుల ముందు నోటీసివ్వాలి. 2026 జనవరిలో యూరోపియన్ యూనియన్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చర్చలు ముగిశాయని ప్రకటించారు. సుంకాలు తగ్గితే బట్టలకూ రొయ్యలకూ గిరాకీ పెరుగుతుందంటున్నారు. ఆ లాభంలో కుట్టే, వలిచే చేతులకు ఎంత?

అందుకే మా డిమాండ్లు సూటిగా ఉన్నాయి. ఏ కంపెనీ ఎక్కడ కుట్టిస్తోందో బహిరంగంగా చెప్పాలి. ఫిర్యాదు తెలుగులో, భయం లేకుండా చేసుకునే ఏర్పాటు ఉండాలి. సంఘం పెట్టుకున్న స్త్రీని పనిలోంచి తీసేస్తే కొనుగోలుదారూ జవాబు చెప్పాలి. ఎవరి చొక్కా అయినా సరే, తనిఖీ మన లేబర్ శాఖ బాధ్యత అని ప్రభుత్వాలు మరిచిపోకూడదు.

ఇక అక్కా, నీ సెలవుల మాట. ఇంటి పనివాళ్లకు వారానికి కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక చెబుతోంది. ఇటలీ, జర్మనీ 2013లో దాన్ని ఆమోదించాయి, మన దేశం ఆమోదించలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే ఇంటి పనికి కనీస వేతనాలు నిర్ణయించినా అవి నీ గడపదాకా రాలేదు. యూరప్ కాగితం గానీ, హైదరాబాద్ కాగితం గానీ తనంతట తాను నడిచిరాదు. నువ్వూ, అచ్యుతాపురంలో కుట్టే చెల్లీ, భీమవరంలో రొయ్యలు వలిచే వదినా గొంతు కలిపి అడిగితేనే దానికి కాళ్లొస్తాయి. వచ్చే ఆదివారం నీతో పాటు ఇంకో నలుగుర్ని తీసుకురా.