అందరమూ కలిసి ఒక ద్వీపానికి

మా యింట్లో ప్రయాణమంటే మొదట జరిగేది సామాను సర్దడం కాదు, పోట్లాట. క్రిందటి నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట చినుకులు, లోపల మిరపకాయ బజ్జీలు. ఆ పళ్ళెం చుట్టూ నలుగురం కూర్చుని వుండగా నేనే నోరు జారాను. "ఈ ఈస్టరు సెలవులకి అందరం కలిసి ఎండ వున్న చోటికి ఎక్కడికయినా పోదాం" అన్నాను.

మేం లండనుకి పడమటగా రెడింగులో వుంటున్నాం గదా. ఇక్కడ బళ్ళకి ఈస్టరుకి రెండు వారాలు సెలవు. మా అమ్మాయికి పదిహేడు నిండాయి. ఈ వేసవిలో ఎ-లెవెల్ పరీక్షలు, మన ఇంటరు ఆఖరి పరీక్షల వంటివి. ఆ పైన యూనివర్సిటీ, హాస్టలు. అబ్బాయికి పధ్నాలుగు. వచ్చే వసంతానికి మా భోజనాల బల్ల దగ్గిర మూడు కుర్చీలే నిండుతాయి. ఈ ఆఖరి మాట మాత్రం నేను పైకి అనలేదు.

"నేను రాను. చదువుకోవాలి" అంది అమ్మాయి, బజ్జీ మీంచి కళ్ళెత్తకుండా.

"నేనొస్తాను, కాని మ్యూజియాలకి రాను" అన్నాడు అబ్బాయి.

మావారు అప్పటికే లేచి అట్లాసు తెచ్చేశారు. ఆయనకి ప్రయాణం చెయ్యడం కంటె దాని పట్టిక వెయ్యడం ఎక్కువ సరదా.

మధ్యధరా సముద్రంలో ద్వీపాలకి కొదవ లేదు. మావారి మొగ్గు మాల్టా వైపు. అక్కడ ఇంగ్లీషు చెల్లుతుంది, పైగా బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. చెప్పుకోదగ్గ కొండ ఒక్కటి లేదని అబ్బాయి కొట్టేశాడు. సిసిలీ మరీ పెద్దది, వారంలో తేలేది కాదు. చివరికి గ్రీసు దేశపు క్రీటు ద్వీపం దగ్గిర వేలు ఆగింది. తూర్పు కొస నుంచి పడమటి కొసకి సుమారు 260 కిలోమీటర్లు. "హైదరాబాదు నుంచి బెజవాడ అంత. అంతే!" అన్నారు మావారు. అంతే అనుకోకూడదు సుమండీ. మధ్యలో 2,400 మీటర్లు దాటిన కొండలున్నాయి. ఏప్రిల్‌లో కూడా వాటి నెత్తిన మంచు వుంటుంది. దక్షిణపు తీరానికి పోవాలంటే ఆ కొండల మీద మెలికలు తిరగవలసిందే. పటం మీద బెత్తెడున్నది బండిలో పూట పడుతుంది.

రెండు రోజుల్లో మావారి పట్టిక తయారయింది. ఏడు రోజులకి ఇరవై మూడు స్థలాలు! మూడు ఊళ్ళలో మూడు బసలు. నేను దాన్ని చదివి, మడిచి, పోపుల డబ్బా కింద పెట్టాను. చిన్నపిల్లలయితే చంకనెత్తుకుని ఎక్కడికయినా తిప్పుతాం. ఇంత పొడుగు పిల్లల్ని పొద్దున్న ఆరింటికి లేపి, బస్సెక్కించి, "చూడండర్రా, ఎంత బాగుందో" అంటే వాళ్ళు చూసేది మన మొగం మాత్రమే.

అంచేత నేనొక ఏర్పాటు చెప్పాను. బస ఒక్కటే, ద్వీపానికి పడమటి వైపున హన్యా అనే రేవుపట్నంలో, వంటగది వున్న యిల్లు. మనిషికొక రోజు. ఎవరి రోజు వాళ్ళ యిష్టం. మిగతా ముగ్గురూ సణగకుండా వెంట నడవాలి. మిగిలిన రోజులకి పట్టిక వెయ్యనే కూడదు.

అబ్బాయి వెంటనే సమారియా లోయ అన్నాడు. కొండల నడుమ 16 కిలోమీటర్లు కాలినడకన దిగి సముద్రం దగ్గిర తేలే దారి. తీరా విచారిస్తే అది మామూలుగా మే నెలలో గాని తెరవరు. చలికాలమంతా వరదనీళ్ళూ, దొర్లిపడే రాళ్ళూ. వాడి మొగం చిన్నబోయింది. వసంతంలో వెళ్ళేవాళ్ళు ముందుగా కనుక్కోవలసిన సంగతి ఇదే. బొమ్మల్లో కనిపించే క్రీటు జూలై నాటి క్రీటు. ఏప్రిల్‌లో తీరపు ఊళ్ళలో కొన్ని హోటళ్ళు ఇంకా తలుపులు తీయవు, పడవలు కొన్ని కదలవు. కొండలు మాత్రం పచ్చగా, పూలతో వుంటాయి. ఎండ మన మాఘమాసపు ఎండలా హాయిగా వుంటుంది. సముద్రపు నీళ్ళు 17 డిగ్రీలు. "ఈతకి చలి" అన్నాన్నేను. "బ్రైటన్‌లో ఆగస్టులో దిగితే మాత్రం?" అన్నాడు వాడు. నిజమే, ఇంగ్లండు వేసవి సముద్రం దానికన్న పెద్ద వెచ్చనేం కాదు.

సమారియా బదులు ఇంబ్రోస్ లోయ దొరికింది. ఎనిమిది కిలోమీటర్లు, రెండు మూడు గంటల నడక. 1941 మేలో జర్మను సేనలు ఆకాశంలోంచి గొడుగులతో దిగి క్రీటును పట్టుకున్నప్పుడు, ఓడిన బ్రిటిషు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు సిపాయిలు ఈ దాపులనే కొండ దిగి స్ఫాకియా రేవులో ఓడలెక్కారట. ఈ మాట వినగానే వాడికి ఎనిమిది కిలోమీటర్లు తక్కువనిపించలేదు.

మావారి రోజు నోసస్. హెరాక్లియన్ పట్నానికి అయిదు కిలోమీటర్ల దూరంలో వుంది. నాలుగువేల సంవత్సరాల నాటి రాజభవనం. 1900లో ఆర్థర్ ఇవాన్స్ అనే ఇంగ్లీషాయన తవ్వకం మొదలుపెట్టి బయటపెట్టాడు. కొన్ని చోట్ల సిమెంటుతో తిరిగి కట్టాడు కూడా. అది తప్పా ఒప్పా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటారు. హన్యా నుంచి 140 కిలోమీటర్లు. మావారికి కుడివైపు నడపడం అలవాటు లేదు గనుక పోనూ రానూ బస్సే.

"మ్యూజియం" అని అబ్బాయి మూతి ముడిచాడు. అప్పుడు మావారు తెలివిగా ఒక కథ చెప్పారు. నోసస్‌లో దొరికిన మట్టి పలకల మీద రెండు రకాల రాతలున్నాయి. 1936లో ఇవాన్స్ ఉపన్యాసం విన్న వాళ్ళలో మైకేల్ వెంట్రిస్ అని ఒక బడిపిల్లవాడున్నాడు. ఆ రాత ఎవరికీ అంతుపట్టలేదని విని, దాన్ని వదలలేదు. పెద్దయి యిళ్ళ ప్లానులు గీసే వృత్తి చేసుకుంటూనే 1952లో ఆ రెండింటిలో ఒకదాన్ని విప్పాడు. అది గ్రీకు భాషే అని తేలింది. "అప్పుడు వాడి వయసెంత?" అన్నాడు మావాడు. "ఉపన్యాసం విన్నప్పుడా? పధ్నాలుగు" అన్నారు మావారు. కాసేపు నిశ్శబ్దం. "మరి రెండో రాత?" "ఇవాళ్టికీ ఎవరూ చదవలేదు." మ్యూజియం గొడవ అంతటితో సద్దుమణిగింది. వాడేదో ఆ రాత విప్పేస్తాడని నేననడం లేదు. మర్నాడు పొద్దున్న మేజోళ్ళు ఎక్కడున్నాయో విప్పలేకపోయాడు.

రోజులు కుదిర్చేటప్పుడు తెలిసింది, పండగలు రెండని. గ్రీకుల ఈస్టరు వేరే లెక్క. 2025లో రెండూ ఒకేరోజు, ఏప్రిల్ 20న పడ్డాయి. 2024లో అయిదు వారాల తేడా. 2026లో ఇంగ్లండు ఈస్టరు ఏప్రిల్ 5, వాళ్ళది 12. మేం 4న వెళ్ళి 11న తిరిగి రావాలి, 13న బడి. అంటే వాళ్ళ పండగ ముందు ఉపవాసాల వారమంతా అక్కడే వుంటాం. ఇది తెలిసి నేను సంతోషించాను. వాళ్ళ ఉపవాసమంటే తిండి మానడం కాదు. మాంసం, గుడ్లు, పాలు, వెన్న మానడం. పెసలంత చిన్నవి కాకపోయినా పప్పులు, పెద్ద చిక్కుడుగింజలు, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, ఉడికించి నిమ్మరసమూ ఆలివునూనే పోసిన కొండ ఆకుకూరలు. మన తోటకూర, గంగపాయల కూర కూడా వాళ్ళు తింటారు, కాకపోతే అవి వేసవిలో. ఉపవాసపు వంటని "నిస్తీసిమో" అంటారు. శాకాహారులైన వాళ్ళు ఒక్క జాగ్రత్త పడాలి. నెత్తురు లేని జీవులని చెప్పి రొయ్యలు, ఆక్టోపస్ ఆ ఉపవాసంలో చెల్లుతాయి. నిస్తీసిమో అన్నారు గదా అని కళ్ళు మూసుకుని నోట్లో పెట్టుకోకండి.

నెయ్యి సీసా మాత్రం తీసుకుపోవడానికి వీల్లేదు. బ్రిటన్ నుంచి ఐరోపా సమాజపు దేశాలకి పాలూ మాంసమూ సంబంధించిన పదార్థాలేవీ సామానులో పట్టుకుపోరాదు. కందిపొడికి అభ్యంతరం లేదు. ఆవకాయ చేతిసంచీలో పెడితే కొన్ని విమానాశ్రయాల్లో ద్రవపదార్థమని తీసేయవచ్చు. పెద్ద పెట్టెలో పెట్టాలి.

ఇక అసలు సంగతి. అబ్బాయి పాస్‌పోర్టు జూన్‌లో ముగుస్తుంది. ఏప్రిల్ ప్రయాణానికి చాలుననుకున్నాం. చాలదు. అక్కణ్ణుంచి తిరిగి బయలుదేరే రోజు తరువాత ఇంకా మూడు నెలలు గడువుండాలి. అంటే జూలై 11 దాకా. పదహారేళ్ళ లోపు పిల్లల పాస్‌పోర్టు ఇక్కడ అయిదేళ్ళకే యిస్తారు, అంచేత మీ యింట్లో పిల్లలున్నట్టయితే టిక్కెట్టు కొనకముందే అది తీసి చూడండి. వాడిది కొత్తది వచ్చింది.

నాది వేరే కథ. మావారూ పిల్లలూ ఈ దేశపు పౌరులు. నేనింకా ఇండియా పాస్‌పోర్టుతోనే వున్నాను. "రేపు చూద్దాం" అంటూ పదహారేళ్ళు గడిపాను. ఇక్కడి పౌరసత్వం పుచ్చుకుంటే అది తిరిగి అప్పగించాలి. అక్కడికొచ్చేసరికి చెయ్యి రాదు. బల్ల మీద పెడితే నాలుగూ నీలం పుస్తకాలే, చూడ్డానికి తేడా తెలియదు. కాని ముగ్గురికి వీసా అక్కర్లేదు. నాకు షెంగెన్ వీసా కావాలి. రుసుము 90 యూరోలు, 30,000 యూరోల వైద్యఖర్చు భరించే బీమా, బాంకు లెక్కలు, బస కాగితాలు, వేలిముద్రలు. ఇవన్నీ సరే. ఆ వేలిముద్రలు వెయ్యడానికి కచేరీలో ఒక పూట దొరకాలి గదా! జనవరి అంతా నేను రోజూ కంప్యూటరు తెరిచి చూడడం, ఖాళీల్లేవని మూయడం. ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చునని నాకు ఆలస్యంగా తెలిసింది. నవంబరులో పోట్లాడుతూ కూర్చునే బదులు ఆ పని చేసి వుండవలసింది.

ఒక రాత్రి భోజనాల దగ్గిర అనేశాను. "టిక్కెట్ల డబ్బు ఎలాగూ తిరిగి రాదు. నాకు రాకపోతే మీరు ముగ్గురూ వెళ్ళిరండి."

మావారు మాట్లాడలేదు. అబ్బాయి అక్క మొగం చూశాడు. అమ్మాయి కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. తనెలాగూ రానన్నది గదా, ఆ సందు దొరికిందనుకుంది కాబోలు అని నాకు కాస్త కష్టం కూడా తోచింది.

మరో నాలుగు రోజులకి, అర్ధరాత్రి దాటాక ఎవరో భుజం కుదిపారు. అమ్మాయి. చదువుతూ చదువుతూ గంటకోసారి ఆ కచేరీ పుట చూస్తోందట, నాలుగు రాత్రుల నుంచీ. "అమ్మా, లే. ఫిబ్రవరి 24, పొద్దున్న పదిన్నర. ఖాయం చెయ్యనా?" కళ్ళు నులుముకుంటూ వెళ్ళాను. రసాయనశాస్త్రం పుస్తకం బోర్లించి వుంది, దాని పక్కన నా పాస్‌పోర్టు. దరఖాస్తు సగం నింపే వుంది. పుట్టిన వూరు తెనాలి అని, స్పెల్లింగుతో సహా సరిగ్గా.

"నువ్వు రానన్నావు గదే" అన్నాను.

"నా రోజున పదింటి దాకా ఎవరూ నన్ను లేపకూడదు. ఆ తరువాత రేవు దగ్గిర కూర్చుని చదువుకుంటాను. ఎవరూ ఏమీ చూపించకూడదు. ఒప్పుకుంటే వస్తాను" అంది. ఒప్పుకున్నాను. ఇంత తేలికయిన బేరం ఈ మధ్య ఆ పిల్లతో నేను కుదుర్చుకోలేదు.

మార్చి 17న వీసా వచ్చింది. ఆ సాయంత్రం పట్టిక మళ్ళీ బయటికి తీశాం. అబ్బాయి లెక్క చూసి, "అమ్మ రోజేదీ?" అన్నాడు. నిజంగానే రాయలేదు. నేను శుక్రవారం అడిగాను. ఆ సాయంత్రం గ్రీకులు పూలతో కప్పిన చిన్న కొయ్య మంటపాన్ని గుడిలోంచి భుజాల మీద ఎత్తుకుని, దీపాలతో వీధుల్లో ఊరేగిస్తారు. అది చూడాలి, నలుగురమూ ఒకే చోట నిలబడి. అంతవరకూ రోజంతా ఎవరూ నన్ను వంటేమిటని అడగకూడదు.

ఇవాళ ఏప్రిల్ 3. పెట్టెలు తూచాం. అమ్మాయి పుస్తకాల వల్ల రెండు కిలోలు ఎక్కువ తూగింది. మావారి బూట్లు తీసేశాం, ఆవకాయ తియ్యలేదు. తెల్లవారుజామున మూడింటికి టాక్సీ. ఇందాక మా అత్తగారు తెనాలి నుంచి ఫోను చేశారు. "సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకమ్మాయ్, మనకి బాపట్ల లేదూ?" అన్నారు. వచ్చాక చెబుతానన్నాను.