రేపటి వంటిల్లు ఎవరికి?

ఫోన్‌తో వెలిగే పొయ్యి, మాట్లాడే ఫ్రిజ్... రేపటి వంటిల్లు ఇదేనంట! గీసేటోళ్లు ఒక్కసారి అశోక్‌నగర్ గల్లీలు తిరగున్రి.

గ్రూప్స్‌కు చదివే మన రైతు పిల్లలు ఒక్క రూముల నలుగురు ఉంటరు. వంటకు జాగ ఉండదు. బియ్యం ఇంటికాడి నుంచి పంపుతం, రైస్ కుక్కర్ల అన్నం పెట్టుకుంటరు. కూర మాత్రం చిక్కడపల్లిలనో నారాయణగూడలనో కర్రీ పాయింట్ల కొనాలె.

2014ల జీహెచ్‌ఎంసీ 5 రూపాయల భోజనం పెట్టింది. మంచిదే, అది పగటికి. మరి రాత్రికి?

గల్లీకో ఉమ్మడి వంటిల్లు కట్టున్రి. నాలుగు పొయ్యిలు, గిన్నెలు కడిగే జాగ చాలు. 1999ల రైతు బజార్లు వచ్చినట్టే, దళారి లేకుండ కూరగాయలు మేమే తెస్తం.

ధర లేక టమాటా పారబోసే తండ్రి ఇక్కడ, కూర కొనలేక పచ్చడి మెతుకులు తినే కొడుకు అక్కడ. ఈ ఇద్దర్ని కలపని వంటిల్లు ఎంత మెరిస్తే ఏం లాభం? ఏమంటరు రైతన్నలూ?